మోచేయి నొప్పికి తేలిక రాకెట్ మందు కాదు

టెన్నిస్ ఆడేవాళ్ళ మధ్య మోచేయి నొప్పి అన్న మాట అంటే చాలు, పక్క కోర్టు నుంచి కూడా ఒక సలహా వచ్చిపడుతుంది: "తేలిక రాకెట్ కొనుక్కో." చెప్పేవాళ్ళు మన మంచి కోరే చెప్తారు. షాపులో కుర్రాడు కూడా అదే పాట పాడి, 260 గ్రాముల రాకెట్ చేతిలో పెట్టి, "చూడండి సార్, పట్టుకున్నట్టే ఉండదు" అంటాడు. నిజమే, ఉండదు. కానీ మనం రాకెట్ కొనేది పట్టుకుని నిలబడటానికి కాదు కదా, ఊపడానికి. ఊపేటప్పుడూ, ఎదురొచ్చిన బంతి తగిలేటప్పుడూ చేతికి తెలిసే బరువు వేరు, తక్కెడ చూపించే బరువు వేరు. చేతికి తెలిసే ఆ బరువునే స్వింగ్‌వెయిట్ అంటారు. మన క్లబ్బుల్లో ఆడేవాళ్ళలో ఎక్కువమంది దాని సంగతే పట్టించుకోకుండా, గ్రాముల అంకె ఒక్కటి చూసి వేలకి వేలు పోస్తున్నారు, ఆటా చెడుతోంది, చెయ్యీ చెడుతోంది అన్నది నా గొడవ.

ఒక సుత్తి తీసుకుని ఇనుప తల దగ్గర పట్టుకుని ఊపి చూడండి, తర్వాత కర్ర చివర పట్టుకుని ఊపండి. అదే సుత్తి, అదే బరువు, కానీ రెండోసారి మణికట్టు మొరాయిస్తుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది బరువుతో పాటు అది చేతికి ఎంత దూరంలో ఉందన్నది, అదీ వర్గంగా వస్తుంది, అంటే దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగింతలు. రాకెట్ విషయంలో పిడి అడుగు నుంచి 10 సెంటీమీటర్లు పైకి, ఇంచుమించు మన పిడికిలి ఉండే చోటు నుంచి ఈ దూరం కొలుస్తారు. యూనిట్ కిలోగ్రామ్ సెంటీమీటర్ స్క్వేర్డ్. దాన్నెవరూ పలకరు, 310, 325 అని ఊరికే అంకె చెప్పుకుంటారు. గట్టింగ్ (తీగలు) వేసిన పెద్దవాళ్ళ రాకెట్లు చాలావరకు 290కీ 335కీ మధ్య పడతాయి, ప్రొఫెషనల్స్ చేతిలో ఉండేవి 340, 350, ఒక్కోసారి అంతకు పైన.

ఒక గ్రాము లెడ్ టేప్, అంటే బరువు పెంచడానికి రాకెట్‌కి అంటించే సీసపు పట్టీ, తీసుకోండి. రాకెట్ తల కొసన, గడియారంలో 12 ఉండే చోట అంటిస్తే స్వింగ్‌వెయిట్ 3.4 పాయింట్ల దాకా పెరుగుతుంది. పక్కల, 3 దగ్గరో 9 దగ్గరో అంటిస్తే రెండుకి కాస్త తక్కువ. పిడి మీద అంటిస్తే దాదాపు సున్నా. అందుకే చెమటకి ఒకదాని మీద ఒకటి ఓవర్‌గ్రిప్‌లు చుట్టేవాళ్ళు రాకెట్ పది గ్రాములు బరువెక్కిందని బెంగపడక్కర్లేదు, ఊపుకి ఆ పది గ్రాములు తెలియనే తెలియవు. అదే లెక్కన, బరువంతా తలలో ఉన్న 265 గ్రాముల రాకెట్‌కీ, బరువు పిడిలో ఉన్న 310 గ్రాముల రాకెట్‌కీ స్వింగ్‌వెయిట్ ఒకటే ఉండొచ్చు. షాపులో మొదటిది చంటిపిల్లల బొమ్మలా ఉంటుంది, రెండోది మోటుగా ఉంటుంది, కోర్టులో ఊపితే రెండింటికీ ఒకే శ్రమ.

ఇంత ముఖ్యమైన అంకె రాకెట్ మీద అచ్చేసి ఉంటుందా అంటే, చాలావరకు ఉండదు. బరువు, బ్యాలెన్స్ (రాకెట్ వేలి మీద ఎటూ ఒరగకుండా నిలిచే చోటు), తల సైజు రాస్తారు, అవీ గట్టింగ్ లేని ఖాళీ ఫ్రేముకి. గట్టింగ్ వేస్తే 15-17 గ్రాములు కలిసి స్వింగ్‌వెయిట్ దాదాపు 30 పెరుగుతుంది. కాబట్టి ఎక్కడైనా 290 అని కనిపిస్తే అది వేయక ముందుదా, వేసిన తర్వాతదా అని అడగండి, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తెలియకపోతే ఆ పోలికంతా దండగ. పైగా ఒకే పేరు, ఒకే రంగు, ఒకే మోడల్ రాకెట్లు రెండు తీసుకుంటే వాటి మధ్యే పది పాయింట్ల తేడా వచ్చినా వింతేం లేదు, ఫ్యాక్టరీలో కొన్ని గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే. "ఈ రెండో రాకెట్‌తో ఎందుకో షాట్లు పడట్లేదు" అనేవాళ్ళు అదంతా తమ భ్రమే అనుకుంటారు, పాపం చాలాసార్లు కాదు.

కొలిచే మిషన్లు ఉన్నాయి కానీ మన ఊళ్ళలో గట్టింగ్ వేసే అందరి దగ్గరా ఉండవు. వంటింటి తక్కెడ, స్కేలు, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. చెక్క బల్ల అంచుకి రెండు సన్నటి మేకులు, నాలుగు సెంటీమీటర్ల ఎడంతో, ఒకే ఎత్తులో, అడ్డంగా బయటికి పొడుచుకొచ్చేలా కొట్టండి. రాకెట్‌ని తలకిందులుగా పట్టి, మేకులు తీగల సందుల్లోంచి దూరి తల ఫ్రేము లోపలి అంచు వాటి మీద ఆనేలా వేలాడదీయండి. పిడిని కొంచెమే ఇవతలికి లాగి వదిలితే బల్ల కిందికీ బయటికీ ఊగుతుంది, పక్కలకి ఊగకూడదు. అటు వెళ్ళి తిరిగొస్తే ఒక ఊపు, అలాంటి 30 ఊపులకి ఎంత సమయం పట్టిందో చూడండి. ఉదాహరణకి రాకెట్ 320 గ్రాములు, పిడి అడుగు నుంచి బ్యాలెన్స్ పాయింట్ 33 సెంటీమీటర్లు, మేకుల నుంచి ఆ పాయింట్ 34 సెంటీమీటర్లు, 30 ఊపులకి 41.8 సెకన్లు అనుకుందాం. ఒక ఊపుకి 1.393 సెకన్లు, దాని వర్గం 1.941. ఇప్పుడు 24.85 × 0.320 × 34 × 1.941 చేస్తే సుమారు 525 (24.85 ఏ రాకెట్‌కైనా మారదు, 0.320 కిలోల్లో బరువు). అందులోంచి 0.320 × 34 × 34, అంటే 370 తీసేసి, 0.320 × 23 × 23, అంటే 169 కలపండి (33లోంచి 10 పోతే 23). 324 వచ్చింది, అదే మీ స్వింగ్‌వెయిట్. పది ఊపులతో సరిపెట్టుకుందామనుకోకండి, పది ఊపుల్లో పదో వంతు సెకను తప్పితే జవాబు ఏడెనిమిది పాయింట్లు కొట్టుకుపోతుంది. 30 లెక్కపెడితే ఆ తప్పు రెండున్నరకి దిగుతుంది. ఇదంతా ఎవడు చేస్తాడండీ అంటారా, ఫోన్ యాప్‌లు కూడా ఉన్నాయి, అవి చేసేదీ ఈ లెక్కే.

సరే, అంకె తెలిసింది, ఆటలో దానివల్ల ఏమవుతుంది? బరువు పెరిగితే దెబ్బ గట్టిగా పడుతుందని అందరూ అనుకుంటారు. సిడ్నీ యూనివర్సిటీ భౌతికశాస్త్రవేత్త రాడ్ క్రాస్, బోవర్‌తో కలిసి 2006లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. నలుగురు విద్యార్థుల చేత ఆరు రకాల కడ్డీలు ఊపించి వేగం కొలిచారు. కొన్నిటికి బరువు ఒకటే, స్వింగ్‌వెయిట్ వేరు. కొన్నిటికి స్వింగ్‌వెయిట్ ఒకటే, బరువు వేరు. స్వింగ్‌వెయిట్ అలాగే ఉంచి బరువు మార్చితే ఊపు వేగం దాదాపు మారలేదు. స్వింగ్‌వెయిట్ పెంచితే మాత్రం వేగం తగ్గింది, కానీ నెమ్మదిగా: వాళ్ళ సూత్రం ప్రకారం స్వింగ్‌వెయిట్ పది శాతం పెరిగితే ఊపు వేగం రెండున్నర శాతం తగ్గుతుంది. నాకు ఆ రెండు ఫలితాలూ బంగారం లాంటివి. గ్రాముల అంకెకీ మన చేతి వేగానికీ సంబంధం లేదని మొదటిది చెప్తోంది. రెండోదాన్ని బట్టి చూస్తే స్వింగ్‌వెయిట్ పెంచి సర్వ్‌లో పిడుగులు కురిపిద్దామనుకునేవాళ్ళకి నిరాశే, ఎందుకంటే తల బరువెక్కి బంతిని బాగా తోసినా ఊపు వేగం తగ్గి అటూ ఇటూ ఇంచుమించు చెల్లుకు చెల్లు. అదే వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బ) దగ్గర, లేదా గట్టి సర్వ్‌ని ఊరికే అడ్డం పెట్టి తిప్పి పంపేటప్పుడు, మనం పెద్దగా ఊపం కాబట్టి పోయేదేం ఉండదు, తల బరువు పూర్తిగా లాభమే. డబుల్స్‌లో నెట్ దగ్గర కాపు కాసే పెద్దవాళ్ళు పాతకాలపు బరువు రాకెట్లు వదలకపోవడం ఊరికే చాదస్తం కాదు.

రెండున్నర శాతమేగా అని తీసిపారేయకండి. ముందుకు ఊపే ఊపు సెకనులో నాలుగో వంతు అనుకుంటే రెండున్నర శాతం ఆలస్యం ఆరు మిల్లీసెకన్లు. నేల మీద పడి లేచి గంటకి 65 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆరు మిల్లీసెకన్లలో 11 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఇది నా మోటు లెక్క, కానీ ఎక్కడ తేడా కొడుతుందో చూపించడానికి చాలు: ముందు కాలికి ఎదురుగా తగలాల్సిన బంతి, మీరు ఊపు ముందే మొదలెట్టకపోతే, జానెడు కాకపోయినా అందులో సగం వెనక తగులుతుంది. 2012 ఆస్ట్రేలియన్ ఓపెన్ ముందు నాదల్ రాకెట్ తలలో 3 గ్రాములు పెంచుకున్నాడన్నది అప్పట్లో వార్త అయింది. ఆ టోర్నమెంట్‌లోనే జొకోవిచ్‌తో 5 గంటల 53 నిమిషాల ఫైనల్ ఆడాడు. 3 గ్రాములేంటి, వార్తేంటి అనిపిస్తుంది, కానీ కొసన 3 గ్రాములంటే 10 పాయింట్లు, అంత మార్పు వంటికి పట్టించుకోవడం అలాంటి ఆటగాడికి కూడా చిన్న విషయం కాదు.

ఇప్పుడు నొప్పి సంగతి. 58 గ్రాముల బంతి రాకెట్‌కి తగిలి విడిపోయేది దాదాపు 5 మిల్లీసెకన్లలో. ఆ కాస్తలో రాకెట్ తల వెనక్కి నెట్టబడుతుంది, పక్కకి తిరగబోతుంది, అదురుతుంది. తలలో బరువు తక్కువైతే ఎక్కువ నెట్టబడుతుంది, దాన్ని ఆపాల్సింది మన ముంజేతి కండరాలే. బ్యాక్‌హ్యాండ్‌లో మణికట్టు లోపలికి వంగి ఉండగా బంతి తగిలితే మోచేతి బయటివైపు అతుక్కుని ఉండే స్నాయువు సాగుతూనే బలం పెట్టాల్సి వస్తుంది, టెన్నిస్ ఎల్బో మొదలయ్యేది చాలావరకు అక్కడే. పైగా తేలిక రాకెట్ ఒట్టినే బంతిని కోర్టు చివరిదాకా పంపదు కాబట్టి మనిషి ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా పిడికిలి బిగించి, ఇంకా గట్టిగా ఊపుతాడు. తేలిక రాకెట్లని పవర్ కోసం బిరుసుగా తయారుచేయడం కూడా మామూలే. అంటే మోచేయి నొప్పి ఉన్నవాడి చేతిలో మనం పెడుతున్నది తేలికైనదీ, బిరుసుదీ. దాన్ని వైద్యం అంటున్నాం.

అలాగని బరువు పెంచుకుంటూ పోతే? ఆ చివర ఇంకో రకం దెబ్బ. భారీ తలని కదిలించడానికే కాదు, బంతి వెళ్ళిపోయాక ఆపడానికి కూడా బలం కావాలి, సర్వ్ తర్వాత ఆ ఆపే పని భుజం వెనక చిన్న కండరాల మీద పడుతుంది. మొదటి సెట్‌లో అంతా బాగానే ఉంటుంది. మూడో సెట్‌లో కాళ్ళు అలిసి, ఊపు ఆలస్యమై, బంతి వెనక తగలడం మొదలయ్యాక భుజం, నడుము చేయాల్సిన పని మణికట్టు, ముంజెయ్యి చేస్తాయి. అందుకే నా దృష్టిలో గాయానికి దారి తీసేది పెద్ద అంకె కాదు, చిన్న అంకె కాదు, మన టైమింగ్‌కి మించిన అంకె. అది మనిషి మనిషికీ మారుతుంది. ఆదివారం మాత్రమే ఆడేవాడికి 300 నుంచి 315 మధ్య, వారానికి నాలుగు రోజులు ఆడి కాస్త వ్యాయామం కూడా చేసేవాడికి 315 నుంచి 328 దాకా, ఆ పైన రోజూ కోచింగ్‌లో ఉన్న కుర్రాళ్ళకి అని నేనైతే చెప్తాను. ఇది ఆడేవాడి అంచనా, డాక్టరు మాట కాదు.

మాతో డబుల్స్ ఆడే ఒకాయన యాభై దాటినవారు, బ్యాంకులో పని. మోచేయి నొప్పితో 265 గ్రాముల రాకెట్‌కి మారారు, అదీ తల బరువుది, దానికి బిరుసైన పాలియెస్టర్ తీగలు, 57 పౌండ్ల టెన్షన్ (తీగల బిగువు). నొప్పి ఇంకా పెరిగింది. "అన్నా, 305 గ్రాములది, బరువు పిడిలో ఉన్నది తీసుకో" అంటే, "నీకేమైనా పిచ్చా తమ్ముడూ, చెయ్యి లేవట్లేదంటే బరువు పెంచమంటావా?" అని గయ్యిమన్నారు. చివరికి మార్చారు. స్వింగ్‌వెయిట్ కొలిస్తే కొత్తదే ఆరు పాయింట్లు తక్కువ. తీగలు కూడా మెత్తటి మల్టీఫిలమెంట్ వేయించి 50 పౌండ్లకి దించాం, ఫిజియో చెప్పిన వ్యాయామాలు మొదలెట్టారు, కొన్నాళ్ళకి నొప్పి తగ్గింది. ఇదంతా రాకెట్ మహిమ అని నేను అనను. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? నన్నడిగితే తీగలకే సగం మార్కులు వేస్తాను. పాలియెస్టర్ తీగలు టూర్ ఆటగాళ్ళు మ్యాచ్ మ్యాచ్‌కీ కోసి పారేస్తారు, మనవాళ్ళు తెగేదాకా, అంటే ఆరు నెలలో ఏడాదో, వాటితోనే ఆడతారు. చచ్చిన తీగలు, వారం రోజులు వాడిన బంతులు, వానాకాలం పొద్దున తడి కోర్టు మీద నీళ్ళు పీల్చి బరువెక్కిన బంతులు. ఇవన్నీ చేతికి పడే దెబ్బలే, బంతుల డబ్బాకి లెక్క చూసుకుని ఫిజియోకి ఐదింతలు కట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. తీగల మధ్య పెట్టే రబ్బరు డాంపెనర్ ఆ టంగుమనే చప్పుడు తగ్గిస్తుంది తప్ప మోచేతికి చేసేదేం లేదు.

పెద్ద ఆటగాళ్ళ గాయాలని రాకెట్‌కి అంటగట్టే కబుర్లు కూడా విసుగే. మన హైదరాబాద్ అమ్మాయి సానియా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళింది, 2008లో మణికట్టు ఆపరేషన్, 2013 నాటికి సింగిల్స్ మానేసి డబుల్స్‌కే పరిమితమైంది, ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు కొట్టింది. అర్జెంటీనా ఆటగాడు డెల్ పోట్రో కుడి మణికట్టుకి 2010లో, ఎడమ మణికట్టుకి 2014, 2015లలో మూడుసార్లు ఆపరేషన్లు జరిగాయి. ఏళ్ళ తరబడి రోజూ గంటల కొద్దీ కొట్టిన చేతులవి. రాకెట్ స్పెసిఫికేషన్ చూసి కారణం తేల్చేయడం మన పని కాదు. అసలు అటు నుంచి నేర్చుకునేది కూడా తక్కువే. పాతతరం అమెరికన్ ఛాంపియన్ సాంప్రాస్ రాకెట్ 400 గ్రాములకి దగ్గరగా ఉండేదట అని మురిసిపోయి సీసం కొనేవాళ్ళున్నారు. ఆ మనిషి బంతి కోసం ఎంత ముందే సిద్ధమయ్యేవాడో చూసి, అది కాపీ కొట్టండి ముందు.

పిల్లల విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. పదకొండేళ్ళ పిల్లాడికి 26 అంగుళాల రాకెట్ చేతికి అలవాటై హాయిగా ఆడుతుంటే, "ఇంకా చిన్నపిల్లల రాకెటేనా" అని 27 అంగుళాల 300 గ్రాముల పెద్దవాళ్ళ రాకెట్ కొనిపెట్టే తల్లిదండ్రులు, పక్కన నిలబడి తలూపే కోచ్‌లు. ఆ ఒక్క రోజులో ఆ చేతి మీద పడే స్వింగ్‌వెయిట్ ఎన్ని పదుల పాయింట్లు పెరుగుతుందో ఎవరూ చూడరు. ఎముక చివర్లు ఇంకా పెరుగుతున్న మణికట్టు అది. మధ్యలో 27 అంగుళాలే ఉండి 245, 260 గ్రాముల్లో వచ్చే రాకెట్లున్నాయి, ఒక ఏడాది వాటితో ఆడితే పోయేదేముంది? వాడు పోటీ పడాల్సింది ఫోర్‌హ్యాండ్‌తో, పక్కింటి వాడి రాకెట్‌తో కాదు కదా.

తెలియకుండా పెరిగే పాయింట్లు ఇంకొన్ని ఉన్నాయి. సిమెంటు కోర్టు మీద ఫ్రేము గీరుకుపోతుందని తల చుట్టూ ప్రొటెక్షన్ టేప్ అంటిస్తాం. 4 గ్రాముల టేప్ కొసన పడితే 13 పాయింట్లు, అంటే నాదల్ పెంచుకున్నదానికంటే ఎక్కువ, రంగు పోకూడదని! అర అంగుళం పొడవెక్కువ ఉన్న రాకెట్లు సర్వ్‌కి బాగుంటాయని కొంటారు. బరువు తగ్గించకుండా పొడవు మాత్రమే పెంచితే 15-20 పాయింట్లు పెరుగుతుంది, అందుకే కంపెనీలు వాటిని తేలికగా చేస్తాయి, మనం మళ్ళీ ఆ గ్రాములు చూసి తేలిక రాకెట్ అనుకుంటాం.

ఇక కొనేవాళ్ళకి. మన దగ్గర షాపులో నాలుగు రోజులు ఆడి చూసి తిరిగిచ్చే వీలు తక్కువ, కాబట్టి క్లబ్బులో నలుగురి రాకెట్లు అడిగి తీసుకుని, ఒక్కోదానితో కనీసం ఒక సెట్ ఆడండి, చివరి గేముల్లో ఏది ఆలస్యం కాకుండా వచ్చిందో చూడండి, వార్మప్‌లో అన్నీ బాగానే ఉంటాయి. నచ్చినదాన్ని మేకుల మీద వేలాడదీసి అంకె రాసుకోండి. కొనేటప్పుడు దానికంటే ఐదారు పాయింట్లు తక్కువదే కొనండి, ఎందుకంటే ఫ్రేములోంచి గ్రాము తీయడం అయ్యే పని కాదు, అంటించడం అర నిమిషం పని. అంటిస్తే ముందు 3, 9 దగ్గర చెరో గ్రాము, రెండు వారాలు ఆ మీద ఇంకేం ముట్టుకోకుండా ఆడి, భుజం, మోచేయి ఏమంటున్నాయో చూశాకే కొస జోలికి వెళ్ళండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే లెడ్ టేప్ బదులు టంగ్‌స్టన్‌ది తెప్పించుకోండి, ధర ఎక్కువే, కానీ సీసం విషం, రాకెట్ బ్యాగులో చెయ్యి పెట్టని పిల్లలు ఉండరు.